మందు ఇచ్చే చేతికి తెలియవలసినవి

నర్సింగ్ విద్యార్థులు మందుల పాఠంలో మొట్టమొదట కంఠస్థం చేసేవి ఐదు: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. పరీక్షలో రాయడానికి ఇంతకంటే తేలికైన జవాబు ఉండదు. కానీ వార్డులో ఒకరి తర్వాత ఒకరికి మందులు ఇస్తూ పోతున్నప్పుడు, మధ్యలో ఎవరో పిలిచినప్పుడు, పక్క మంచం దగ్గర సెలైన్ అయిపోయినప్పుడు, కేవలం కంఠస్థం చేసిన జాబితా మనసులోంచి అన్నిటికన్నా ముందు జారిపోతుంది. ఆ ఐదింటిలో ప్రతి ఒక్కటీ, మందు శరీరాన్ని ఏం చేస్తుంది, శరీరం మందును ఏం చేస్తుంది అన్న శాస్త్రంలోంచే వచ్చిందని అర్థమైన విద్యార్థి దగ్గర అది అంత సులభంగా జారిపోదు. అందుకే ఫార్మకాలజీని మందుల పేర్ల పట్టికగా కాక, ఆ జాగ్రత్తలకు కారణాలు చెప్పే శాస్త్రంగా చదవాలని నా అభిప్రాయం.

ముందుగా మార్గం సంగతి చూద్దాం. గుండె నొప్పి వచ్చినప్పుడు నైట్రోగ్లిజరిన్ మాత్రను మింగకుండా నాలుక కింద ఉంచుకోమంటారు. మింగిన మందు పేగుల గోడల ద్వారా రక్తంలో కలిసి, శరీరమంతటా వ్యాపించడానికి ముందు నేరుగా కాలేయానికి చేరుతుంది. కాలేయం దానిని పరాయి పదార్థంగా చూసి, తన ఎంజైములతో విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. ఈ తొలి దాడిలోనే నైట్రోగ్లిజరిన్‌లో చాలా భాగం నాశనమవుతుంది. నాలుక కింది సన్నని సిరల్లోకి ఇంకినది మాత్రం కాలేయాన్ని దాటవేసి గుండెకు చేరుతుంది కాబట్టి రెండు మూడు నిమిషాల్లోనే పని మొదలవుతుంది. తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ విషయంలోనూ ఇదే సూత్రం మరో రూపంలో కనిపిస్తుంది. ఇంజెక్షన్‌గా ఇచ్చిన 10 మి.గ్రా. మార్ఫిన్ చేసే పనిని నోటి ద్వారా చేయించాలంటే సుమారు 30 మి.గ్రా. కావాలి. అంటే నోటి మోతాదుగా రాసిన అంకెను మార్చకుండా మార్గాన్ని మాత్రమే మార్చి ఇంజెక్షన్ ఇస్తే, మూడు రెట్ల మందు ఇచ్చినట్టే. చార్టులో అంకె సరిగ్గానే ఉంటుంది, మందూ సరైనదే, అయినా రోగి శ్వాస మందగిస్తుంది.

మింగలేని రోగికి, ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకుంటున్న రోగికి మాత్రలను పొడి చేసి నీళ్లలో కలిపి ఇవ్వడం చాలా వార్డుల్లో అలవాటు. అన్ని మాత్రలకూ ఇది పనికిరాదు. కొన్ని మాత్రల పైపూత జీర్ణాశయంలోని ఆమ్లానికి కరగకుండా, పేగుల్లోకి వెళ్లాకే కరిగేలా తయారవుతుంది. పొడి చేస్తే మందు ఆమ్లంలో పాడవుతుంది, లేదా జీర్ణాశయం పొరను గాయపరుస్తుంది. ఇంకొన్ని మాత్రలు పన్నెండు గంటలో ఇరవై నాలుగు గంటలో కొద్దికొద్దిగా మందును విడుదల చేస్తాయి. అటువంటి మాత్రను నూరితే, రోజంతటికీ ఉద్దేశించిన మందు ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది. రక్తపోటు మాత్ర అయితే రోగి కళ్లు తిరిగి పడిపోవచ్చు, మార్ఫిన్ వంటి ఓపియాయిడ్ జాతి నొప్పి మాత్ర అయితే ప్రాణమే పోవచ్చు. నూరే ముందు ఫార్మసిస్టును ఒక్క మాట అడిగితే, అదే మందు ద్రవరూపంలో దొరుకుతుందో లేదో తెలిసిపోతుంది.

మోతాదు దగ్గర జరిగే పొరపాట్లలో చాలావాటికి ఫార్మకాలజీ తెలియకపోవడం కంటే చేతిరాత, దశాంశ బిందువు ఎక్కువ కారణమవుతాయి. ఒకటి తర్వాత చుక్క పెట్టి సున్నా రాస్తే, ఆ చుక్క కనిపించనివారికి అది పది. సున్నా లేకుండా చుక్క పెట్టి ఐదు రాస్తే అర మి.గ్రా. ఐదు మి.గ్రా. అయిపోతుంది. అందుకే పూర్ణసంఖ్య వెనక చుక్కా సున్నా రాయకూడదని, దశాంశానికి ముందు మాత్రం సున్నా తప్పక రాయాలని నియమం. ఇన్సులిన్ చీటీలో యూనిట్లకు బదులు రాసే ‘యు’ అనే ఒక్క ఇంగ్లిష్ అక్షరం తొందరలో సున్నాలా కనబడి 4 యూనిట్లు కాస్తా 40గా మారే ప్రమాదం ఉంది కాబట్టి, ‘యూనిట్లు’ అన్న మాటను పూర్తిగా రాయమంటారు. మి.లీ.కు 100 యూనిట్లు ఉండే ఇన్సులిన్‌లో 10 యూనిట్లు అంటే కేవలం 0.1 మి.లీ. మామూలు సిరంజిలో ఇంత చిన్న పరిమాణాన్ని నమ్మకంగా కొలవలేము. ఇన్సులిన్‌కు ఇన్సులిన్ సిరంజే వాడాలని పట్టుబట్టడానికి కారణం ఇదే.

పిల్లల విషయంలో లెక్క బరువును బట్టి సాగుతుంది. 12 కిలోల బిడ్డకు కిలోకు 15 మి.గ్రా. చొప్పున పారాసెటమాల్ ఇవ్వాలంటే 180 మి.గ్రా. కావాలి. సిరప్‌లో ప్రతి 5 మి.లీ.కు 120 మి.గ్రా. మందు ఉంటే 7.5 మి.లీ. ఇవ్వాలి. ప్రతి 5 మి.లీ.కు 250 మి.గ్రా. ఉన్న సీసా అయితే 3.6 మి.లీ. చాలు. రెండూ ఒకే మందు, రంగూ రుచీ ఒకేలా ఉండవచ్చు. మొదటి సీసాకు వేసిన లెక్కతో రెండో సీసాలోంచి 7.5 మి.లీ. తీసి తాగిస్తే బిడ్డకు 375 మి.గ్రా. అందుతుంది, అంటే కావలసినదానికి రెట్టింపు దాటుతుంది. ఎన్ని మి.లీ. ఇవ్వాలన్న ప్రశ్నకు లేబుల్ చదవకుండా జవాబు లేదు.

ఇక డిజాక్సిన్ అనే గుండె మందు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నర్సు చేసే పరిశీలనకు ఎంత విలువ ఉందో ఈ మందు చూపించినంత స్పష్టంగా మరేదీ చూపించదని నేను అనుకుంటాను. ఈ జాతి మందులకు మూలమైన ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క ఆకులతో ఒంటి వాపు తగ్గుతుందని గమనించిన ఇంగ్లండు వైద్యుడు విలియం విదరింగ్, తన రోగుల వివరాలన్నీ 1785లో గ్రంథంగా ప్రచురించాడు. మోతాదు మించితే వాంతులు అవుతాయని, నాడి మందగిస్తుందని, వస్తువులు ఆకుపచ్చగా పసుపుపచ్చగా కనిపిస్తాయని అప్పుడే రాశాడు. మేలు చేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య ఈ మందుకు ఉన్న ఎడం చాలా తక్కువ. అందుకే ఇప్పటికీ డిజాక్సిన్ ఇచ్చే ముందు స్టెతస్కోపును గుండె కొన మీద ఉంచి పూర్తిగా ఒక నిమిషం స్పందనలు లెక్కించాలని నేర్పుతారు. పెద్దవారిలో అవి నిమిషానికి 60 కంటే తక్కువ ఉంటే మందు ఆపి డాక్టరుకు చెప్పాలి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో గుణిస్తే, లయ తప్పిన గుండె విషయంలో ఆ లెక్క తప్పుతుంది. ఇదే రోగి ఒంట్లో నీరు తగ్గడానికి ఫ్యూరోసెమైడ్ కూడా వాడుతుండవచ్చు. అది మూత్రంతోపాటు పొటాషియంను బయటకు పంపుతుంది. రక్తంలో పొటాషియం తగ్గినప్పుడు, డిజాక్సిన్ మోతాదు మారకపోయినా దాని విషప్రభావం పెరుగుతుంది. రెండు మందులూ సరైనవే, రెండు మోతాదులూ సరైనవే అయినా ప్రమాదం ఉంది. నిన్నటి రక్తపరీక్ష నివేదికను చూడడం, ‘అన్నం సయించడం లేదు, కళ్లకు ఏదో పచ్చగా కనబడుతోంది’ అని రోగి చెప్పిన మాటను వయసు మీద పడినందువల్ల అని కొట్టివేయకపోవడం, ఈ రెండే ఆ ప్రమాదాన్ని ముందుగా పసిగట్టగలవు.

సమయం వెనక ఉన్న శాస్త్రానికి అర్ధాయువు మూలం. రక్తంలో మందు పరిమాణం సగానికి తగ్గడానికి పట్టే కాలాన్నే అర్ధాయువు అంటారు. మందు ఆపేశాక ఒక అర్ధాయువుకు 50 శాతం, రెండింటికి 25, మూడింటికి 12.5, నాలుగింటికి 6.25 శాతం మిగులుతుంది. క్రమం తప్పకుండా ఇస్తూ పోయినప్పుడు రక్తంలో మందు ఒక నిలకడ స్థాయికి చేరడానికి కూడా నాలుగైదు అర్ధాయువులే పడుతుంది. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ అర్ధాయువు మూత్రపిండాలు బాగా పనిచేసేవారిలో రెండు మూడు గంటలు. మూత్రపిండాలు చెడిపోయినవారిలో అది ఒక రోజును కూడా మించవచ్చు. అటువంటివారికి మామూలు వేళల్లోనే ఇస్తూ పోతే, ముందటి మోతాదు బయటకు పోకముందే తరువాతిది వచ్చి చేరి, చెవులకూ మూత్రపిండాలకూ మరింత హాని చేస్తుంది. మూత్రం ఎంత వస్తోందో రాసి పెట్టే ఆ చార్టుకు, ఇంజెక్షన్ చార్టుకు ఉన్న సంబంధం ఇదే.

అర్ధాయువు తెలియడం వల్ల ప్రాణం నిలబడే సందర్భం మరొకటి ఉంది. ఓపియాయిడ్ ఎక్కువై స్పృహ తప్పిన రోగికి దాని విరుగుడు మందు నాలోక్సోన్ ఇవ్వగానే, చూస్తుండగానే కళ్లు తెరుస్తాడు, ఊపిరి గట్టిగా తీసుకుంటాడు. చుట్టూ ఉన్నవారందరికీ ప్రమాదం గడిచిపోయినట్టే అనిపిస్తుంది. కానీ నాలోక్సోన్ ప్రభావం సాధారణంగా ముప్పై నుంచి తొంభై నిమిషాల్లో తగ్గిపోతుంది, అసలు హాని చేసిన ఓపియాయిడ్ అంతకంటే ఎక్కువసేపు ఒంట్లో ఉండవచ్చు. గంట తర్వాత అతను నిద్రపోతున్నట్టు కనిపిస్తే, ఆ నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కించాలి.

సిరలోకి ఇచ్చే మందును ఒకసారి లోపలికి పంపాక వెనక్కి తీసుకోలేము. గాఢమైన పొటాషియం క్లోరైడ్‌ను పలుచన చేయకుండా సిరంజితో నేరుగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. కాబట్టి ఆ యాంపుల్స్‌ను మిగతా మందుల మధ్య ఉంచకుండా వేరుగా దాచడం ఎంతో మేలైన పద్ధతి. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ 1 గ్రామును కనీసం గంటసేపు నెమ్మదిగా ఎక్కించకపోతే ముఖం, మెడ ఎర్రబడి దురద పుట్టవచ్చు, రక్తపోటు పడిపోవచ్చు. క్యాన్సర్ మందు విన్‌క్రిస్టిన్‌ను సిరలోకి మాత్రమే ఇవ్వాలి. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే దాదాపు ఎవరూ బతకరు. దానిని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి సిద్ధం చేయమనడంలో ఉద్దేశం, వెన్నులోకి ఎక్కించే సిరంజిల పక్కన అది పొరపాటున కూడా చేరకుండా చూడడమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల కలిగే నివారించదగిన హానిని తగ్గించడాన్ని ప్రపంచవ్యాప్త లక్ష్యంగా ప్రకటించింది. ఒకేలాంటి పేర్లు, ఒకేలాంటి సీసాలు, చాలీచాలని సిబ్బంది, నిద్రలేని డ్యూటీలు పొరపాట్లకు దారి తీస్తాయన్న గుర్తింపు అందులో ఉంది. పొరపాటు జరిగితే మొదట రోగిని చూసుకోవాలి, వెంటనే డాక్టరుకు చెప్పాలి, జరిగినది జరిగినట్టు రాయాలి. భయపడి దాచిన పొరపాటు వల్ల రోగికి విరుగుడు అందే సమయం కరిగిపోతుంది. విద్యార్థి నిజం చెప్పినందుకు అవమానించే వార్డు, తర్వాతి పొరపాటును తానే సిద్ధం చేసుకుంటున్నట్టు లెక్క.

రోగి ఎవరో తేల్చుకోవడం అన్నిటికంటే చిన్న పనిలా కనిపిస్తుంది. మంచం నంబరు గుర్తింపు కాదు, రోగులు మంచాలు మారుతుంటారు. పేరు మనమే చెప్పి ‘మీరేనా?’ అని అడిగితే మగతలో ఉన్నవారు, చెవి సరిగా వినబడనివారు దేనికైనా తల ఊపుతారు. పేరు ఆయన నోటితోనే చెప్పించి, చేతి పట్టీ మీది వివరాలతోనూ చార్టుతోనూ సరిచూడాలి. ఆ తర్వాత మాత్ర చేతిలో పెట్టినప్పుడు, ‘సిస్టర్, నేను రోజూ వేసుకునేది ఈ రంగు మాత్ర కాదండీ’ అని ఆయన అంటే, కంపెనీ మారి ఉంటుందిలెండి అని సర్దిచెప్పకుండా మాత్రను వెనక్కి తీసుకుని, చార్టు తెరిచి మళ్లీ మొదటి నుంచి చూడాలి.