పాత జిల్లా, కొత్త జిల్లా: పీజీ జాగ్రఫీ డిసర్టేషన్‌లో అపోహలు - వాస్తవాలు

హ్యూమన్ జాగ్రఫీ, సస్టెయినబిలిటీ కోర్సుల్లో డిసర్టేషన్ సెమిస్టర్ మొదలైందంటే చాలు, గైడ్ల దగ్గరికి ఒకే ఫిర్యాదు వస్తుంది: "సార్, సెన్సస్ డేటా ఉంది, జిల్లాల షేప్‌ఫైల్ ఉంది, రెండూ జాయిన్ కావట్లేదు." షేప్‌ఫైల్ అంటే సరిహద్దుల మ్యాప్ ఫైల్, జాయిన్ అంటే దానికి పట్టికలోని అంకెలను జతచేయడం. జాయిన్ కానివాళ్లు అదృష్టవంతులు. తప్పుగా జాయిన్ అయినవాళ్లకు ఆ సంగతి వైవాలో గానీ తెలియదు.

అపోహ: జిల్లా పేరు అదే కాబట్టి జిల్లా కూడా అదే.

కాదు. 2011 జనగణన నాటికి ఉన్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 23 జిల్లాలు. తెలంగాణలోని 10 జిల్లాలు 2016 అక్టోబర్ 11న 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33కి చేరాయి. ఆంధ్రలోని 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. ఖమ్మం, నల్గొండ, కర్నూలు పేర్లు మాత్రం అలాగే ఉన్నాయి. పేరు పట్టుకుని జాయిన్ చేస్తే సాఫ్ట్‌వేర్ కిమ్మనదు.

పాత ఖమ్మం 16,029 చదరపు కిలోమీటర్లు, 2011లో జనం 27,97,370, సాంద్రత 175. ఇప్పటి ఖమ్మం సుమారు 4,360 చదరపు కిలోమీటర్లు. పాత జనాభాను కొత్త విస్తీర్ణంతో భాగిస్తే సాంద్రత 640 వస్తుంది. నిజానికి కొత్త సరిహద్దుల్లో 2011 నాటి జనం దాదాపు 14 లక్షలే, సాంద్రత 320 చిల్లర. ఈ లేని రెట్టింపును చూసి "పట్టణీకరణ ఒత్తిడి" మీద రెండు పేజీలు రాసేవాళ్లుంటారు.

పాత జిల్లాను ముక్కలు చేస్తే కొత్త జిల్లాలు వస్తాయన్నదీ ఇలాంటిదే. సిద్దిపేటలో ఎక్కువ భాగం పాత మెదక్‌ది. హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి పాత కరీంనగర్ నుంచి వచ్చాయి, చేర్యాల, మద్దూరు పాత వరంగల్ నుంచి. మండలాల స్థాయికి దిగినా చిక్కు తీరదు. అక్కన్నపేట, కొమురవెల్లి 2016లో పుట్టిన మండలాలు, 2011 పట్టికల్లో వెతికినా కనబడవు.

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు పోలవరం మీద పనిచేసేవాళ్లది. 2011 పట్టికల్లో 532 నుంచి 541 దాకా తెలంగాణ జిల్లాల కోడ్లు, 542 నుంచి 554 దాకా ఆంధ్రవి. ఆ గీత దగ్గర ఫైలును రెండుగా కోస్తారు. కానీ చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు వగైరా ముంపు మండలాలు 2014లో ఆంధ్రకు వెళ్లాయి, 2011లో అవి ఖమ్మం కోడ్ 541 కిందే ఉన్నాయి. నిర్వాసితుల మీద రాసే థీసిస్‌లో నిర్వాసితుల ఊళ్లే చాలావరకు ఉండవన్నమాట. తెలంగాణ జనాభాకు 3,51,93,978 అని ఒకచోట, 3,50,03,674 అని ఇంకోచోట కనిపించడానికి కారణమూ ఇదే. మొదటిది పాత పది జిల్లాలది, రెండోది ఆ ఊళ్లు పోగా మిగిలింది. తేడా 1,90,304. ఏది కరెక్టని తగువు దేనికి? మీ మ్యాప్ సరిహద్దు ఏదైతే దానికి తగ్గ అంకె వాడండి.

మరి దారేమిటి? ఊరి నుంచి పైకి కట్టుకురావడం. జనగణన మూల పట్టికైన ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్‌ను ఊరి స్థాయిలో దించుకోండి. ఊరి కోడ్ ఆరంకెలది, దేశం మొత్తానికి ఒకే వరస. జాయిన్ దానితోనే చేయాలి, పేరుతో వద్దు. కొత్తపల్లి, వెంకటాపురం ఎన్ని ఉన్నాయో లెక్కే లేదు. మండలం కోడ్ అయిదంకెలది, సున్నాతో మొదలవుతుంది. ఎక్సెల్‌లో ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా తెరవకపోతే సున్నా ఎగిరిపోయి జాయిన్ ఖాళీగా వస్తుంది. ఊరు ఇప్పుడు ఏ మండలంలో, ఏ జిల్లాలో ఉందో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ జాబితా లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో 2011 కోడ్‌తో సహా ఉంటుంది. అక్కడ తెలంగాణ కోడ్ 36, సెన్సస్ పట్టికలో 28, కాబట్టి జాయిన్‌కు వాడే కోడ్‌లో (కీలో) రాష్ట్రం కోడ్‌ను కలపొద్దు. మున్సిపాలిటీల్లో కలిసిపోయిన ఊళ్లు మిగిలిపోతాయి. వాటిని ఊహించి పూరించకుండా పక్కన ఒక కాలమ్ పెట్టి, ఏం చేశారో రాయండి. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత తెలంగాణలో పంచాయతీలైన తండాలు చాలావరకు 2011లో తల్లి గ్రామం అంకెల్లోనే కలిసి ఉన్నాయి. తండాల మీదే పనైతే ఇంటింటి సర్వే తప్పదు.

కూడేటప్పుడు మనుషుల సంఖ్యలనే కూడాలి. శాతాల సగటు తీయకూడదు. అక్షరాస్యతకు హారం ఏడేళ్లు, ఆపై వయసువాళ్లే, కాబట్టి 0-6 పిల్లలను తీసేయాలి. చివర్లో పాత జిల్లా నుంచి విడిపోయిన ఊళ్లు, పట్టణాలు అన్నీ కలిపిన మొత్తం 2011 నాటి ఆ జిల్లా మొత్తంతో ఒక్క మనిషి తేడా లేకుండా సరిపోవాలి.

ఇంత చేసినా సరిహద్దు తన పని తాను చేస్తుంది. 1979లో ఓపెన్‌షా, టేలర్ అనే జాగ్రఫీ పరిశోధకులు అమెరికాలోని ఐయోవా రాష్ట్రపు 99 కౌంటీలను రకరకాలుగా గుంపులు కట్టి చూశారు. వృద్ధుల శాతానికి, రిపబ్లికన్ ఓట్లకు మధ్య సంబంధాన్ని చూపే కోరిలేషన్ దాదాపు -1 నుంచి దాదాపు +1 దాకా మారింది. భూగర్భజలాల్లోనూ ఇదే తంతు. ఏటా తోడుకోదగిన నీటిలో తోడకం 70 శాతం లోపుంటే సేఫ్, 100 దాటితే ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్. జిల్లా సగటు సేఫ్ అన్నంత మాత్రాన అందులో బోర్లు ఎండిన మండలం లేదని కాదు.

"తెలుగు రాష్ట్రాల టాపిక్ వద్దు, డేటా ఉండదు", "కొత్త సెన్సస్ వచ్చేదాకా ఆగు" అని సీనియర్లు భయపెడతారు. వినకండి. కొత్త లెక్కకు రిఫరెన్స్ తేదీయే 2027 మార్చి 1, ఊరి పట్టికలు ఆ తర్వాతే. ఒక జిల్లాకు ఉండేవి కొన్ని వందల ఊళ్లు, ఓపిగ్గా కూర్చుంటే వారం పది రోజుల పని. టైటిల్‌లో 2011 అని రాసుకుంటే పాత డేటా అని ఎవరూ తప్పుపట్టరు.

మిగతావి గబగబా. సాఫ్ట్‌వేర్‌కు లక్షలు అక్కర్లేదు, మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజిస్ ఉచితం, 10 మీటర్ల స్పష్టతతో ఉండే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలూ ఉచితమే. విస్తీర్ణాన్ని డిగ్రీల్లో లెక్కించకండి, మీటర్లలో కొలిచే యూటీఎం మ్యాప్ పద్ధతిలో మీ ఊరి జోన్ చూసుకోండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ యూటీఎం 44వ జోన్‌లో ఉన్నాయి, అనంతపురం, నారాయణపేట 43లో, ఇచ్ఛాపురం 45లో. టైటిల్‌లో ఎస్‌డీజీ (ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు) అని చేరిస్తే సస్టెయినబిలిటీ అయిపోదు. వాటి కింద ఉన్న 169 టార్గెట్లలో మీరు కొలిచేదేదో చెప్పాలి.

"వందమందిని అడిగితే శాంపిల్ అయిపోయింది" అన్నది ఇంకొకటి. ఆ వంద పేర్లు పట్టాదారుల జాబితాలోంచి తీస్తే సొంత భూమి లేని కౌలు రైతు ఒక్కడూ రాడు. ఊళ్లో వాకబు చేసి సాగు చేసేవాళ్ల జాబితా వేరుగా రాసుకోవాలి. కౌలు ఎంతో భూమి యజమాని పక్కనుండగా అడగొద్దు.