రెండున్నర రూపాయల ఎత్తు టన్ను

29.1667 గ్రాములు. ఖనిజాల్లో బంగారం, వెండి ఎంతుందో పరీక్ష చేసే ల్యాబుల్లో ఈ తూకానికి అస్సే టన్ను అని పేరు. పేరులో టన్ను ఉందిగానీ నాలుగు కాసుల బంగారమంత కూడా తూగదు.

ఈ వింత అంకె ఎక్కడిదంటే, అమెరికా టన్ను 2000 పౌండ్లు, బంగారం వెండి తూచేదేమో ట్రాయ్ ఔన్సుల్లో, ఆ టన్నులో అలాంటి ఔన్సులు 29,166.67 పడతాయి. కాబట్టి మచ్చుకి తీసే రాతిపొడిని సరిగ్గా 29,166.67 మిల్లీగ్రాములు తూచుకుంటే ఇక లెక్కలతో పనిలేదు. అందులోంచి 12 మిల్లీగ్రాముల వెండి వచ్చిందా, ఆ రాయి టన్నుకి 12 ఔన్సులు ఇస్తుంది. అంతే. భాగహారం త్రాసులోనే అయిపోయింది. బ్రిటిష్ టన్ను 2240 పౌండ్లు కాబట్టి వాళ్ళ అస్సే టన్ను 32.667 గ్రాములు. ఏ టన్నో అడక్కుండా లెక్క మొదలుపెడితే మాత్రం తిప్పలే.

పరీక్ష మాత్రం చాలా పాతది. రాతిపొడిలో సీసం ఆక్సైడు, సోడా, వెలిగారం, కాస్త గోధుమ పిండి కలిపి మూసలో పెట్టి కొలిమిలో కరిగిస్తారు. పిండి ఎందుకని నేనూ అనుకున్నాను, అందులోని కార్బన్ సీసం ఆక్సైడులోంచి ఆక్సిజన్‌ని లాగేస్తుంది, దాంతో సీసం చిన్నచిన్న బొట్లుగా విడిపడి కిందికి దిగుతూ దారిలో దొరికిన బంగారాన్నీ వెండినీ తనలో కలిపేసుకుంటుంది. అడుగున చేరిన సీసం ముద్దని ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టి మళ్ళీ కాలుస్తారు. సీసం గాలి తగిలి మళ్ళీ ఆక్సైడై గిన్నెలోకి ఇంకిపోతుంది, చివరికి ఆవగింజంత పూస ఒకటి మిగులుతుంది. దాన్ని తూస్తారు. తర్వాత నైట్రిక్ యాసిడ్‌లో వేస్తే వెండి కరిగిపోయి బంగారం మిగులుతుంది, దాన్నీ తూస్తారు.

ఇక పాత నాణేల సంగతి. ఏథెన్స్ గుడ్లగూబ బొమ్మ వెండి నాణెం, అంటే నాలుగు ద్రాక్మాలది (ద్రాక్మా అంటే గ్రీకుల నాణెం), సుమారు 17.2 గ్రాములు. మన దేశంలో ముద్రలు కొట్టిన వెండి కార్షాపణం 3.4 గ్రాముల దగ్గర ఉంటుంది, అమరావతి దగ్గర కూడా వీటి పెద్ద నిధే దొరికింది. భాగిస్తే మొదటిది 0.59 అస్సే టన్నులు, రెండోది 0.117. సరే, అయితే ఏంటి? నిజం చెప్పాలంటే ఈ అంకెలతో పెద్ద ప్రయోజనం లేదు. అస్సే టన్ను రాతిపొడి కోసం పుట్టింది, నాణేనికి దాన్ని నేరుగా వాడాలంటే ఎనిమిదిన్నర కార్షాపణాలు కరిగించాలి, మ్యూజియం వాళ్ళు ఊరుకుంటారా!

లెక్కని తిరగేస్తేనే మజా. ఒక నాణెం చెయ్యడానికి ఎంత రాయి తవ్వాలి? నాణెం బరువుని మిల్లీగ్రాముల్లో రాసి, రాయి టన్నుకి ఎన్ని ఔన్సులు ఇస్తుందో దాంతో భాగిస్తే, కావాల్సిన రాయి అస్సే టన్నుల్లో వచ్చేస్తుంది. టన్నుకి 12 ఔన్సులనుకుందాం (లెక్క కోసం నేను పెట్టుకున్న అంకె). కార్షాపణానికి 283 అస్సే టన్నులు, అంటే ఎనిమిది కిలోల పైచిలుకు రాయి. గుడ్లగూబ నాణేనికి 1433, దాదాపు 42 కిలోలు. అదీ నాణెం మొత్తం వెండే అనుకుని, కొలిమిలో ఒక్క చుక్క కూడా పోలేదనుకుని. ఏథెన్స్ పక్కన లారియం గనుల్లో బానిసలు మోసిన బరువు ఇలా చూస్తేనే కాస్త ఊహకి అందుతుంది.

ఇంతకీ 3.4 అన్నది ఎలా వచ్చింది? తూచితే వచ్చింది. పేరుని బట్టి పోతే తప్పులో కాలేస్తాం. మనుస్మృతి లెక్కలో వెండికి వాడే ధరణం అనే తూకం 32 గురివింద గింజలు, కార్షాపణం తూకం కూడా అదేనంటారు. తర్వాతి కాలపు తూకాల్లో 96 గురివిందలు ఒక తులం. తులం 11.66 గ్రాములు. ఈ రెండూ అతికిస్తే కార్షాపణం తులంలో మూడోవంతు, 3.89 గ్రాములు కావాలి. చేతిలో ఉన్న నాణెం అర గ్రాము తక్కువ తూగుతోంది! అరుగుదల కొంత ఉంటుంది, కాదనను. కానీ అసలు సంగతి గింజ మారింది. మొక్కకి కాసే గింజ అన్నిచోట్లా ఒకే బరువుండదు, పైగా పేరు అలాగే ఉండి, దాని వెనకున్న తూకం రాజ్యం మారినప్పుడల్లా జరుగుతూ వచ్చింది.

ఆ 11.66 కూడా ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1833లో ఖాయం చేసిందే. తులం 180 గ్రెయిన్లు (ఇంగ్లీషువాళ్ళ చిన్న తూకం) అన్నారు, 1835 రూపాయి కూడా అంతే బరువు. ఇక్కడే నాకు భలే సరదా వేసింది. రెండున్నర రూపాయలు త్రాసులో వేస్తే 450 గ్రెయిన్లు, 29.1595 గ్రాములు. అస్సే టన్నుకి తేడా ఏడు మిల్లీగ్రాములే! ఒకటి పౌండ్లు, ఔన్సులు, మిల్లీగ్రాములు కలగలిపి పుట్టిన అంకె, ఇంకోటి మన తులాన్ని గుండు అంకెకి సర్దితే వచ్చింది. రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు, ఉత్త కాకతాళీయం. అయినా తూకంరాయి పోగొట్టుకున్న పరీక్షకుడు అరిగిపోని రెండు రూపాయలూ ఒక అర్ధరూపాయీ వేసుకుని పని కానిచ్చేయొచ్చు, పూస తూకంలో ఆ తేడా కనబడనే కనబడదు.

అయితే ఆ తులం వేరు. ఇవాళ బంగారం షాపులో తులం అంటే 10 గ్రాములు, రెండున్నర తులాలు వేస్తే 25 గ్రాములే. దాన్నే అస్సే టన్ను అనుకుని పరీక్ష చేస్తే, టన్నుకి 7 ఔన్సులిచ్చే రాయి 6 ఔన్సులే అని తేలుతుంది.