మునిగిన వరి: అపోహలు - వాస్తవాలు

వానాకాలం డెల్టా గట్ల మీద తిరిగే నాకు ఏటా ఇవే మాటలు వినపడతాయి.

అపోహ: వరి నీటి పైరే కదా, మునిగితే ఏమవుతుంది?

వాస్తవం: వరికి కాళ్లు తడిస్తే ఫర్వాలేదు, తల మునిగితేనే కష్టం. ఆకు కొన పైన ఉన్నంతసేపు కాండం లోపలి ఖాళీల గుండా గాలి వేళ్ల దాకా దిగుతుంది. కొన మునిగాక ఆక్సిజన్ అందక మొక్క పులియబెట్టే దారి పడుతుంది. అంటే చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఒక గ్లూకోజ్‌కు 30 దాకా రావాల్సిన ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) 2కు పడిపోతాయి. దాచుకున్న పిండిపదార్థం అయిపోతే దుబ్బు చచ్చినట్టే.

అపోహ: నీళ్లలో పొడుగు సాగుతోందంటే కోలుకుంటున్నట్టే.

వాస్తవం: నాకు టెన్షన్ పెట్టే మాట ఇదే. మునిగిన మొక్కలోంచి ఎథిలీన్ అనే వాయు హార్మోన్ బయటికి పోవడం కష్టం. లోపలే పేరుకుని, జిబ్బరెల్లిన్ అనే ఎదుగుదల హార్మోన్ పనిని పెంచి ఆకును సాగదీస్తుంది. నెలల తరబడి లోతు నీరుండే చోట పండించే రకాలకు అది మేలే, కొన గాలిని అందుకుంటుంది. పది రోజుల వరదలో మాత్రం ఉన్న నిల్వంతా సాగడానికే ఖర్చు. నీరు తీశాక చూడండి, దారాల్లా పాలిపోయి మడిలో పడుకుంటాయి.

ఒడిశా నాటు రకం ఎఫ్‌ఆర్ 13ఏలో సబ్1ఏ అనే జన్యువు ఉంది. తమాషా ఏమిటంటే, దాన్ని మేల్కొలిపేదీ ఎథిలీనే. అది లేచి జిబ్బరెల్లిన్‌కు బ్రేకు వేస్తుంది. మొక్క ఎదుగుదల ఆపి, నిల్వను పొదుపుగా వాడుకుంటూ రెండు వారాల దాకా తట్టుకుంటుంది. మన మారుటేరు పరిశోధన కేంద్రం రకమైన స్వర్ణలోకి ఈ గుణం తెచ్చిందే 2009లో విడుదలైన స్వర్ణ సబ్1.

అపోహ: స్వర్ణ సబ్1 జీఎం (జన్యుమార్పిడి) విత్తనం.

వాస్తవం: కాదు. మామూలు సంకరమే, ఏ మొక్కలోకి ఆ జన్యువు వచ్చిందో ఎంచడానికి డీఎన్‌ఏ మార్కర్లు (గుర్తులు) వాడారు.

అపోహ: సబ్1 వేశాం, రెండు వారాలు ధీమా.

వాస్తవం: తేట నీటిలో లెక్క వేరు, బురద నీటిలో వేరు. బురదలో వెలుతురు దిగదు, ఆకు ఆహారం చేసుకోలేదు. నీరు వెచ్చనైతే శ్వాస ఖర్చు పెరుగుతుంది, కరిగిన ఆక్సిజనూ తగ్గుతుంది.

అపోహ: నీళ్లు తీయగానే యూరియా చల్లాలి.

వాస్తవం: నీళ్లు తీసిన మర్నాడు ఎండ కాస్తే, అప్పటిదాకా పచ్చగా ఉన్న ఆకు మధ్యాహ్నానికి చుట్టుకుపోతుంది. దెబ్బతిన్న వేళ్లు నీళ్లే సరిగా లాగలేవు, ఇక యూరియా ఏం లాగుతాయి? ముందు మురుగు తీయండి. కొన్ని రోజులు ఆగి ఒక దుబ్బు పీకి చూడండి. తెల్ల వేరు, కొత్త ఆకు కనబడితే అప్పుడు పైపాటుగా యూరియా చల్లే మాట.