మస్టాంగ్ వెండి మెరుపు

చిరంజీవులు పెద్దోడికీ, చిట్టితల్లికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు చేస్తున్న మస్టాంగ్ ప్లాస్టిక్ మోడల్ ఫోటో చూశాను. మస్టాంగ్ అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా యుద్ధ విమానం కదా. రంగు అంటకూడని చోట అంటించే మాస్కింగ్ టేప్ లాగితే మస్టాంగ్ నడుం (రెక్కల మధ్య పొడవాటి ఒళ్లు) మీది వెండి రంగు దాంతోపాటే లేచొచ్చి, దాని కింద పూతగా వేసిన నలుపు బయటపడింది. చిట్టితల్లి ఆ రోజు అన్నం కూడా తినలేదని అమ్మ చెప్పింది. బాధ ఉండదా మరి! నేను ఇంకో రకంగా చెడగొట్టుకున్నాను. టేప్ అంటే భయపడి, సేబర్ జెట్ మోడల్ మొత్తానికీ వార్నిష్ కొట్టేశాను. తెల్లారి చూస్తే అద్దంలా ఉండాల్సిన విమానం పాత సత్తు గిన్నెలా ఉంది.

మీ కష్టానికీ నా కష్టానికీ మూలం ఒకటే. మిఠాయి మీద వెండి రేకు చూశారుగా, వేలు తగిలితే వేలికే అంటుకొస్తుంది. ఈ రంగూ అంతే. ఇందులో అల్యూమినియం నలుసులుంటాయి. అవి చేప పొలుసుల్లా చదునుగా పడుకుంటేనే వెలుగు చెదరకుండా తిరిగొచ్చి లోహంలా మెరుస్తుంది. వాటిని పట్టి ఉంచే బంక ఎక్కువైతే మెరుపు తగ్గుతుంది, తక్కువైతే పట్టు తగ్గుతుంది. అందుకే బాగా మెరిసే రకాలే తొందరగా ఊడతాయి. పైన ఘాటైన లాకర్ వార్నిష్ కొడితే అందులోని ద్రావకం ఆ నలుసుల్ని కదిపేస్తుంది. అవి అడ్డదిడ్డంగా లేచి, వెలుగు చెదిరి బూడిద రంగు తేలుతుంది. నీళ్లతో పలచబడే యాక్రిలిక్ వార్నిష్ అంత హాని చెయ్యదు కానీ, అదీ కొంత మెరుపు తినేస్తుంది.

మరి వార్నిష్ వెయ్యాలా వద్దా? దీనికి జవాబు అసలు విమానమే చెబుతుంది. 1944 మొదట్లో అమెరికా ఫ్యాక్టరీలు యుద్ధ విమానాలకు ఆకుపచ్చ రంగు వెయ్యడం మానేశాయి. అప్పటినుంచి మస్టాంగ్ నడుం ఉత్త లోహంతోనే బయటికొచ్చింది. రెక్కలు మాత్రం అలా కాదు. గాలి వాటి మీద నునుపుగా జారాలని రేకుల అతుకుల్ని పుట్టీతో పూడ్చి, ప్రైమర్ అనే అడుగు పూత కొట్టి, పైన అల్యూమినియం రంగు వేసేవారు. అంటే రెక్కల మీద ఉన్నది లోహపు మెరుపు కాదు, రంగు. కాబట్టి మీ మోడల్ రెక్కలకు నిశ్చింతగా వార్నిష్ వెయ్యండి. అది తెచ్చే మసకే అక్కడ నిజం. నడుం జోలికి మాత్రం వార్నిష్ తీసుకెళ్లకండి.

నడుముకి రక్షణ పని వరసలోనే ఉంది. మీరు వెండి ముందు కొట్టి చారల కోసం దాని మీద టేప్ వేశారు. ఈసారి తిరగెయ్యండి. 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీ మీద దాడికి విమానాలకు వేసిన చారలు మూడు తెలుపు, రెండు నలుపు. ఒక్కోటి 18 అంగుళాలు. మీ మోడల్ 1/48, అంటే అసలు విమానంలో 48వ వంతు, కాబట్టి 9.5 మిల్లీమీటర్లు. ముందు ఈ చారలూ, పైలట్ ముందున్న ఆకుపచ్చ పట్టీ వేసుకోండి. బాగా ఆరాక వాటిని టేప్‌తో కప్పండి. అప్పుడు మిగతా చోట నిగనిగలాడే నలుపు, అదీ ఆరాక అన్నిటికన్నా చివర వెండి. టేప్ గట్టి రంగు మీద ఉంటుంది, వెండి మీద ఉండదు. డెకాల్స్ (తడిపి అంటించే గుర్తుల బొమ్మలు) కోసం వార్నిష్ అక్కర్లేదు, నునుపైన వెండి మీద అవి బాగానే కూర్చుంటాయి.

ఒరేయ్ పెద్దోడా, ప్లాస్టిక్‌ని సబ్బు నీళ్లతో కడిగావా? అచ్చులో పూసిన జిడ్డు ఉండిపోతే ప్రైమర్‌తో సహా అన్నీ లేచొస్తాయి. నలుపు కింద దుమ్ముగానీ గీతగానీ ఉంటే వెండి దాన్ని పదింతలు చేసి చూపిస్తుంది, అందుకే నా సమయంలో ముప్పాతిక ఆ నలుపుకే పోతుంది. లాకర్ రంగు కొట్టేటప్పుడు కిటికీలు తెరిచి, వాసన ఆపే మాస్క్ పెట్టుకోండి. ఇది నాన్న దగ్గరుండగానే చెయ్యాలి.

వెండి మీద టేప్ తప్పనిసరైతే ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. టేప్‌ని ముందు గాజు పలక మీద రెండు మూడు సార్లు అంటించి తీస్తే జిగురు చస్తుంది. చేతి మీద అంటించకండి, చర్మం జిడ్డు దానికి పడుతుంది. తీసేటప్పుడు నిటారుగా పైకి లాగొద్దు. దాని మీదికి దాన్నే మడిచి, మోడల్ ఒంటికి ఆనించినట్టు నెమ్మదిగా వెనక్కి లాగండి.

ఇప్పుడు ఊడిన చోటు సంగతి. 2000 నంబరు సాండ్‌పేపర్ తడిపి, అంచు మెట్టు వేలికి తెలియనంత వరకు రుద్దండి. మళ్లీ నలుపు, మర్నాడు వెండి, ఆ ఒక్క రేకు గీతల వరకే. టేప్ బదులు, చీటీలు రాసుకునే జిగురు కాగితం అంచు సరిపోతుంది. ఛాయ కాస్త తేడా వస్తే రానివ్వండి. అసలు మస్టాంగ్‌లోనూ పక్కపక్క రేకులు ఒకేలా మెరవవు.

ముందు ప్లాస్టిక్ చెంచా మీద ఇదంతా చేసి, ఆ చెంచా ఫోటో పంపండి. చూసి చెబుతాను.

మీ తాతయ్య