పందెం ముందా, నిర్ణయం ముందా?

చిరంజీవులైన మనవరాలికీ మనవడికీ తాతయ్య ఆశీస్సులు.

సెలవుల్లో మీరు పక్కింటి పిల్లలను కూడా పోగుచేసి, వసారాలో చాప పరుచుకొని ఆడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను, అంటే అక్క కథ నడుపుతుంటే మిగతావారు తలా ఒక పాత్ర ధరించి, తలపెట్టిన పని ఫలించిందో లేదో పాచికతో తేల్చుకునే ఆటను, నేను పడక్కుర్చీలోంచి రెండు సాయంత్రాలు చూశాను. రెండో రోజున చిన్నవాడి దొంగ పాత్ర అగాధం మీదుగా దూకబోవడం, 20 ముఖాల పాచిక మీద 1 పడటం, ఆ దొంగ లోయలో కూలిపోవడం, వీడు పాచికను గదిలోకి విసిరేసి, "అంతా అదృష్టమే అయినప్పుడు ఆలోచించడం దేనికి?" అంటూ లేచిపోవడం, అన్నీ గుర్తున్నాయి. కళాశాలలో 30 ఏళ్లు గణాంకశాస్త్రం చెప్పినవాణ్ని గనుక ఆ ప్రశ్నను ఊరికే వదిలిపెట్టలేకపోయాను.

నానమ్మతో మీరు ఆడే అష్టాచెమ్మా సంగతి ముందు చూడండి. అందులో గవ్వలు వేసి, పందెం ఎంత పడిందో చూశాకే ఏ కాయను నడపాలో, ఎవరి కాయను చంపాలో నిర్ణయించుకుంటాము. అదృష్టం తన మాట చెప్పేసిన తరువాత తెలివికి వంతు వస్తుంది. వైకుంఠపాళిలో ఆ వంతు కూడా లేదు. పాము నోట పడ్డవాడు కిందికి జారవలసిందే. మీ ఆటలో వరుస తిరగబడింది. "దూకుతాను" అని చిన్నవాడు ముందు చెప్పాడు, పాచిక తరువాత పడింది. ఫలితం తెలియకముందే మాట ఇచ్చి, తెలిశాక దానిని వెనక్కి తీసుకోలేకపోవడం వల్లనే ఆ ఆటలో సాహసమనే మాటకు అర్థం ఉంది. దూకినవాడు తప్పక దాటుతాడని ముందే తెలిసి ఉంటే ఆ అగాధానికీ మన ఇంటి గడపకూ తేడా ఉండదు.

ఈ వరుస పిల్లల ఆటల్లోంచి రాలేదు. పూర్వపు జర్మన్ రాజ్యమైన ప్రష్యా సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న రైస్‌విట్జ్, తన తండ్రి మొదలుపెట్టిన యుద్ధక్రీడకు మెరుగులు దిద్ది, 1824లో దాని నియమాలను ప్రచురించాడు. దానిని క్రీగ్‌ష్పీల్ అంటారు. అధికారులు తమ ఆజ్ఞలను మధ్యవర్తికి అందజేస్తే, అతడు వాటి ప్రకారం పటం మీద దళాలను కదిలించేవాడు. కాల్పుల వల్ల ఎంత నష్టం కలిగిందో పాచిక చెప్పేది. ఎంతటి సేనాపతికైనా ఆజ్ఞ ఇవ్వడం వరకే తన చేతిలో ఉంటుంది గనుక, ఆ తరువాతి భాగాన్ని అతని చేతిలోంచి తీసివేయడం సబబే. 1876లో వెర్డీ దు వెర్న్వా అనే మరొక ప్రష్యన్ అధికారి ఈ పట్టికలూ పాచికలూ ఎందుకని, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి తీర్పు చాలదా అని వాదించాడు. "ఇక్కడ పాచిక వేయాలా, అక్కర్లేదా" అని మీరిద్దరూ పోట్లాడుకున్నది సరిగ్గా ఆ పాత తగవే. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి రూపొందించిన మీ ఆట 1974లో వెలువడేసరికి, యుద్ధక్రీడల మధ్యవర్తి స్థానంలో కథ నడిపేవాడు కూర్చున్నాడు; అతనికే తరువాత డంజన్ మాస్టర్ అన్న పేరు వచ్చింది.

పాచికలన్నీ ఒకే తీరుగా అదృష్టాన్ని పంచవని కూడా మీరు గమనించాలి. 20 ముఖాల పాచికకు పక్షపాతం లేదు. 1 పడే అవకాశం, 20 పడే అవకాశం, 11 పడే అవకాశం అన్నీ నూటికి 5. మూడు మామూలు పాచికలను కలిపి వేస్తే మాత్రం మొత్తం 216 విధాలుగా పడవచ్చు. వాటిలో 10 వచ్చేవి 27, 11 వచ్చేవి 27, 18 వచ్చేది ఒక్కటే. 1974 నాటి నియమాల్లో పాత్ర బలమెంతో, తెలివెంతో ఈ మూడు పాచికలతోనే తేల్చేవారు కనుక మధ్యస్థులు ఎక్కువగా, మహాబలులు బహు అరుదుగా పుట్టేవారు. అక్కడ మాత్రం అష్టాచెమ్మాలోలాగే పందెం ముందు, దానిని బట్టి యోధుడు కావాలా మాంత్రికుడు కావాలా అన్న నిర్ణయం తరువాత. నాలుగు గవ్వలకూ ఇదే లెక్క పనిచేస్తుంది: పడగల 16 విధాల్లో రెండు వెల్లకిలా పడేవి 6, అష్టా పడేది 1. ప్రతి గవ్వా బోర్లా, వెల్లకిలా సమానంగా పడితేనే సుమా; నానమ్మ గవ్వలకు ఆ నియమం వర్తిస్తుందని నేను హామీ ఇవ్వలేను.

ఇప్పుడు చిన్నవాడి ప్రశ్నకు వస్తాను. 2014లో వచ్చిన మీ ఆట అయిదో కూర్పు నియమాల ప్రకారం, పరిస్థితి నీకు అనుకూలంగా ఉంటే రెండు పాచికలు వేసి పెద్దదానిని తీసుకోవచ్చు. 11 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలనుకో. ఒక పాచికతో ఆ అవకాశం నూటికి 50, రెండింటితో 75. చివరికి 1 మిగిలే ప్రమాదమైతే 20కి ఒకటి నుంచి 400కి ఒకటికి పడిపోతుంది. ఆ రోజు నీ దొంగ సంచిలో తాడు ఉంది నాయనా. అవతలి కొండరాతికి తాడు తగిలించి దూకుతానని నీవు చెప్పి ఉంటే రెండు పాచికలు వేయనిచ్చేదాన్నని అక్క తరువాత నాతో అన్నది. నీ ఆలోచనకు చోటు అక్కడ ఉంది, పాచిక చేతిలోకి తీసుకోకముందు. ఆ చోటును నీవు ఖాళీగా వదిలేశావు.

అమ్మాయీ, నీకూ ఒక మాట. ఆ ముందు రోజు రహస్య ద్వారం వెతికే ఘట్టంలో పాచిక మీద 4 పడటం, వేరే దారి లేక అందరూ అరగంట దిక్కులు చూడటం నీ పొరపాటే. ఓడినా ఏదో ఒకటి జరిగే చోటనే పాచిక అడగాలి. విన్సెంట్ బేకర్ 2010లో తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆటలో దీనికి చక్కని ఉపాయం ఉంది: రెండు మామూలు పాచికల మీద 10, ఆపైన పడితే పూర్తి గెలుపు, 7 నుంచి 9 వరకు పడితే, చాలా సందర్భాల్లో, గెలుపుతో పాటు ఏదో ఒక మూల్యం, 6, అంతకు తక్కువైతే కష్టాలు. ఏమీ కలపకుండా చూస్తే 36 విధాల్లో ఈ మూడింటికీ వరుసగా 6, 15, 15 దక్కుతాయి. పాత్ర నేర్పుకు ఒక్క అంకె కలిపితే అవే 10, 16, 10 అవుతాయి. ద్వారం దొరికింది గానీ ఆ చప్పుడుకు కాపలావాడు మేలుకున్నాడని నీవు చెప్పగలిగి ఉంటే ఆ అరగంట ఎంత బాగుండేది! ఇంకొకటి, అట్ట అడ్డం పెట్టుకొని పాచిక వేయడం నాకు నచ్చలేదు. అలా వేయడం ఆ ఆటలో ఆనవాయితీయేనని తెలిసినా, అందరి ఎదుటా పడ్డ అంకెను ఎవరూ మార్చలేరన్న ధీమా పిల్లలకు ఉండాలని నా అభిప్రాయం.

విసిరేసిన పాచిక మొన్న మంచం కింద దొరికింది. దానిలో దోషముందేమోనని 200 సార్లు వేసి, పాత క్యాలెండరు వెనకవైపు గుర్తులు పెట్టుకున్నాను. 1 పడినది 9 సార్లు, 20 పడినది 11 సార్లు. ఈ మాత్రం లెక్కతో దాని మీద నేరం మోపలేను. నానమ్మ పంపుతున్న సున్నుండల డబ్బాలో దానిని కాగితంలో చుట్టి పెట్టాను, చూసి తీయండి.

మీ తాతయ్య