‘ఫెయిత్’ ఆల్బం: చెవికి తోచిన అపోహలు, మిక్సింగ్ దగ్గర తేలే వాస్తవాలు

బ్రిటిష్ పాప్ గాయకుడు జార్జ్ మైకేల్ పేరెత్తగానే మన దగ్గర చాలామంది ‘కేర్‌లెస్ విస్పర్’ శాక్సొఫోన్ బిట్టు అందుకుంటారు. ‘ఆ పాట ఉన్న ఆల్బమే కదా ఫెయిత్’ అని అడిగేవాళ్లూ తక్కువేం కాదు. కాదండీ. అది 1984 నాటిది, అతను మొదట పాడిన ఇద్దరి బృందం వామ్ ‘మేక్ ఇట్ బిగ్’ ఆల్బంలో ఉంది. ‘ఫెయిత్’ ఆ జోడీ విడిపోయాక 1987 చివర్లో వచ్చింది, అతని మొదటి సోలో ఆల్బం. కవర్ పాటలు పాడేవాళ్లు, ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకున్నవాళ్లు దీన్ని నమూనాగా పట్టుకుంటారు. ఆ ప్రయత్నాలు ఎక్కడ బెడిసికొడతాయో చూస్తే, చాలాసార్లు వాటి వెనక ఒక అపోహ ఉంటుంది.

అపోహ: బ్లూ-ఐడ్ సోల్ అంటే నీలికళ్ల వాళ్లు పాడే ఒక రకం మెలొడీ.

కళ్ల రంగుతో దీనికి పని లేదు. అమెరికా నల్లజాతివారి సోల్, ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) బాణీలో పాడే తెల్లవాళ్లకు 1960లలో అక్కడి రేడియో వర్గాలు తగిలించిన పేరిది. జార్జ్ మైకేల్ కళ్లు గోధుమరంగువి. తండ్రి సైప్రస్ గ్రీకు, తల్లి ఇంగ్లిషావిడ, అసలు పేరు యోర్గోస్ కిరియాకోస్ పనాయోటు. పాడే పద్ధతిని బట్టే ఆ ముద్ర పడింది.

అపోహ: ఇది తెల్లవాళ్లు కొన్న పాప్ రికార్డు, సోల్ అనేది ప్రచారానికి అన్నమాట.

చార్టులు ఈ మాట ఒప్పుకోవు. అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ ప్రధాన ఆల్బం పట్టికలో ‘ఫెయిత్’ అన్నీ కలిపి 12 వారాలు మొదటి స్థానంలో ఉంది. అంతకంటే గట్టి సాక్ష్యం 1988లో అదే పత్రిక నల్లజాతి సంగీతానికి వేరుగా ఇచ్చే బ్లాక్ ఆల్బమ్స్ పట్టికది. ఒక తెల్ల సోలో గాయకుడి ఆల్బం అక్కడ మొదటి స్థానానికి ఎక్కడం అదే తొలిసారి. ‘వన్ మోర్ ట్రై’ బ్లాక్ సింగిల్స్ పట్టికలోనూ పైకి చేరింది. 1989లో గ్రామీ ‘ఆల్బం ఆఫ్ ది ఇయర్’ వచ్చింది. అదే ఏడాది అమెరికన్ మ్యూజిక్ అవార్డుల్లో సోల్ విభాగం బహుమతులు కూడా ఇతనికే ఇచ్చేసరికి, నల్లజాతి కళాకారుల్లో కొందరు బాహాటంగానే అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. ఈ బాణీ పుట్టించినవాళ్లకు పాప్ రేడియో తలుపు అంత తేలిగ్గా తెరుచుకోలేదు. రికార్డు బాగుండటం, ఆ ఫిర్యాదు నిజం కావడం రెండూ ఒకేసారి సాధ్యమే.

అపోహ: టైటిల్ పాటలో గిటారు కొట్టడం చాలా తేలిక, మూడు నాలుగు కార్డులే (కలిపి మోగించే స్వరాల గుంపులు) కదా.

కార్డులు తేలికే. పాట తేలిపోయేది కుడిచేతి దగ్గర. అది అమెరికన్ గిటారిస్టు బో డిడ్లీ 1955లో అందరికీ అలవాటు చేసిన లయ. ఒక బార్‌ను, అంటే నాలుగు బీట్ల ఆవర్తాన్ని, 16 గళ్లుగా గీసుకోండి. దెబ్బ పడాల్సినవి 1, 4, 7, 11, 13 గళ్లు. మిగతా వాటిలో చేయి ఆగదు, ఎడమచేతి వేళ్లు తీగల మీద తేలిగ్గా ఆనించి మూసిన చప్పుడు చేస్తుంటారు. కొత్తవాళ్లు 1, 5, 9, 13 మీద సమంగా బాదేస్తారు, పాట కాస్తా బ్యాండుమేళం నడకలోకి వచ్చేస్తుంది. నిమిషానికి సుమారు 96 బీట్లు ఉంటుంది. ముందు వేగం 60 దగ్గర పెట్టి, గిటారు పక్కన పడేసి, ఆ ఐదు దెబ్బలూ చప్పట్లతో వేయండి. కాలితో నాలుగు బీట్లు కొడుతూ చేతులు తప్పకుండా పది బార్లు గడిస్తే అప్పుడు గిటారు పట్టుకోవచ్చు.

రికార్డు చేసేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. నిండుగా ఉంటుందని అదే వాయింపు రెండోసారి తీసి కుడి ఎడమలకు పంచుతారు. మూసిన దెబ్బలు రెండు టేకుల్లో ఒకేచోట పడవు, గరగరగా చెదిరిపోతాయి. ఒక్క టేకు, మధ్యలోనే, రివర్బ్ (గది ప్రతిధ్వని) దాదాపు లేకుండా ఉంచండి. గిటారులో 100 హెర్ట్జ్ కింది శబ్దాన్ని కోసేస్తే బేస్‌కి చోటు దొరుకుతుంది. ఒరిజినల్‌లో బేస్ డియాన్ ఎస్టస్, గిటారు హ్యూ బర్న్స్. మొదటి చరణంలో వినిపించేవి వేళ్ల మీద లెక్కపెట్టండి: గిటారు, గొంతు, బేస్, చిటికెలాంటి తాళం. రేడియోలో అంత పెద్దగా వినిపించడానికి కారణం ఆ ఖాళీయే.

మొదట్లో వచ్చే చర్చి ఆర్గన్ వేరే పాట ముక్క అనుకుని కత్తిరించేవాళ్లున్నారు. అది వామ్ పాట ‘ఫ్రీడమ్’ వరసే, క్రిస్ కామెరాన్ వాయించాడు. పాత జోడీకి వీడ్కోలు, కొత్త పాటకు ప్రవేశం. సుమారు అర నిమిషం మెల్లగా సాగుతుంది. వినపడలేదని వాల్యూమ్ పెంచారో, గిటారు మొదలవగానే హాలంతా ఉలిక్కిపడుతుంది.

అపోహ: సోల్ పాటంటే ఒకే టేకులో, మనసు పెట్టి పాడేయాలి.

ఈ ఆల్బం పని లండన్‌లోని సార్మ్ వెస్ట్‌లోనూ డెన్మార్క్‌లోని పుక్ స్టూడియోలోనూ జరిగింది, ఇంజనీరు క్రిస్ పోర్టర్. జార్జ్ మైకేల్ గొంతు పని వరసవరసగా, అవసరమైతే మాటమాటగా పంచ్ చేసుకుంటూ (పాత టేకులో ఆ ముక్క మాత్రం మళ్లీ పాడి అతికిస్తూ) సాగేది. మన ప్లేబ్యాక్ గాయకులకు ఇదేం వింత కాదు. అతుకు తెలియకుండా పంచ్ చేయడంలోనే నేర్పంతా ఉంది.

పంచ్‌కి రెండు బార్లు ముందునుంచి ట్రాక్ వేయించుకోండి. పాత వరసతో పాటు గొంతు కలిపి పాడుతూనే రండి, ఆగి ఎదురుచూడొద్దు. రికార్డింగ్ ఊపిరి తీసుకునే చోట మొదలవాలి, మాట మీద కాదు. కొత్త ఊపిరే ఉంచి పాతది తీసేయండి, రెండూ ఉంటే గాయకుడు రెండుసార్లు ఊపిరి పీల్చినట్టు దొరికిపోతుంది. అతుకు దగ్గర 5 నుంచి 10 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (పాతది తగ్గుతూ కొత్తది పెరగడం) చాలు. ఇంతా చేసి అతుకు వినపడుతోందంటే, పదింట తొమ్మిదిసార్లు మైక్ దూరం మారి ఉంటుంది. నిలబడ్డ చోట నేలమీద టేపు అంటించుకోండి. భోజనానికి ముందు పాడిన వరసకీ తర్వాత పాడిన వరసకీ రంగు కలవదు, దాన్ని ఏ ప్లగిన్నూ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పరికరం) కలపదు.

అపోహ: సంగతులు ఎంత ఎక్కువ వేస్తే అంత సోల్.

మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. కర్ణాటక సంగీతం నేర్చిన గొంతుకి గమకం చేతిలో పని కాబట్టి ప్రతి మాటకీ ఒకటి తగిలిస్తారు. ‘వన్ మోర్ ట్రై’ చెవొగ్గి వినండి. వరసలో ముప్పాతిక వంతు దాదాపు మాట్లాడినట్టే సాదాగా పోతుంది, మెలిక చివర్లో పడుతుంది. పాట పేరు కూడా చివరివరకూ పలకడు. ఇంకోటి, అతను బీట్ కన్నా పిసరంత వెనకబడి ఎత్తుకుంటాడు. ఆ ఆలస్యాన్ని ఎడిటింగ్‌లో గ్రిడ్‌కి (తెరమీది తాళం గీతలకు) లాగి సరిచేస్తే సగం పాట పోయినట్టే.

అపోహ: ‘ఫాదర్ ఫిగర్’లో ఆ గంభీరం పెద్ద వాద్యబృందం వల్ల వచ్చింది.

తీసేయడం వల్ల వచ్చింది. ఆ పాట మొదట డాన్స్ నడకలోనే ఉండేది. ఒకసారి స్నేర్ డ్రమ్ (చురుగ్గా చప్పుడయ్యే చిన్న డ్రమ్) ఆపి వింటే పాట తీరే మారిపోయి గాస్పెల్ (చర్చి గానం) వైపు తిరిగింది, అలాగే ఉంచేశారు. మీ దగ్గర ఆగిపోయిన మిక్స్ ఏదైనా ఉంటే ఈ పరీక్ష పెట్టండి: స్నేర్ ఒక్కటే మ్యూట్ చేసి మొదటినుంచి వినండి. కొన్ని పాటలు కుప్పకూలతాయి, కొన్నింటికి అప్పుడు ఊపిరాడుతుంది.

చరణంలో ఆ గుసగుస కావాలంటే మైక్‌కి 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో, నోరు కొద్దిగా పక్కకు తిప్పి పాడాలి. అంత దగ్గరగా పాడితే 200 హెర్ట్జ్ కింద గొంతు ఉబ్బుతుంది, 80–100 హెర్ట్జ్ దగ్గర కోత పెట్టి దాని కిందిది తీసేయండి. కంప్రెసర్ (పెద్ద శబ్దాల్ని అణిచేది) 4:1 దగ్గర, 5–6 డెసిబెల్స్ తగ్గేలా. అప్పుడు ‘స’, ‘ష’ గుచ్చుకుంటాయి, 6 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల వాటిని తగ్గించే డీ-ఎస్సర్ కావాలి. బృందగానం వచ్చేసరికి మాత్రం గాయకుడు ఒకడుగు వెనక్కి జరగాల్సిందే.

అపోహ: అంతా ఒక్కడే రాశాడు, రేడియోలో విన్నదే ఆల్బంలో ఉంది.

రచన దాదాపు అంతా అతనిదే గానీ ‘లుక్ ఎట్ యువర్ హ్యాండ్స్’లో డేవిడ్ ఆస్టిన్ పాలుంది. ‘మంకీ’ సంగతి చూసుకోవాలి: అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లిన సింగిల్ సంగీత నిర్మాతలు జిమ్మీ జామ్, టెర్రీ లూయిస్ రీమిక్స్ చేసినది (మళ్లీ కూర్చినది), ఆల్బంలో ఉన్నది వేరు. కరావోకే ట్రాకులు ఎక్కువగా పేరొక్కటే రాసి ఊరుకుంటాయి. సాధన చేసిన వెర్షనూ వేదిక మీద మోగే ట్రాకూ ఒకటేనా కాదా అన్నది ముందురోజే వినిపించుకుని చూడండి.