జావా ఈనమ్‌లో నల్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఈనమ్ (ముందే పేర్లు పెట్టి రాసుకున్న కొన్ని విలువల టైపు) వాడితే నల్ (విలువ ఏదీ లేదని చెప్పే గుర్తు) బెడద ఉండదు.

వాస్తవం: జావా 5తో 2004లో వచ్చిన ఈనమ్ కూడా ఒక క్లాసే. ఆర్డర్ స్టేటస్‌కి ప్లేస్డ్, షిప్డ్, డెలివర్డ్ అని మూడే రాసుకున్నా, ఆ టైపు వేరియబుల్‌లో నల్ కూడా కూర్చోగలదు. కంపైలర్ అడ్డు చెప్పదు.

అపోహ: స్విచ్‌లో (విలువను బట్టి ఒక కేసు ఎంచుకునే కోడ్) ఏ కేసుకీ సరిపోనివాటికి డిఫాల్ట్ ఉందిగా, నల్ వస్తే అందులోకి పోతుంది.

వాస్తవం: పోదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మామూలు స్విచ్‌లో నల్ వస్తే ఏ కేసూ చూడకముందే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ (నల్‌ని విలువలా వాడబోతే వచ్చే ఎర్రర్) పడుతుంది. కేసులన్నీ రాసేసి డిఫాల్ట్ తీసేసిన స్విచ్ ఎక్స్‌ప్రెషన్‌ (ఫలితంగా ఒక విలువనిచ్చే స్విచ్) ది కూడా ఇదే గతి. 2023లో వచ్చిన జావా 21 నుంచి ‘కేస్ నల్’ అని విడిగా రాయొచ్చు, డిఫాల్ట్‌తో కలిపీ రాయొచ్చు. విడిగా రాయడమే నాకిష్టం, చదివేవాళ్లకి ఉద్దేశం తెలుస్తుంది. పాత వెర్షన్‌లో ఉంటే స్విచ్‌కి ముందే ఇఫ్ పెట్టి చూసుకోవాలి.

అపోహ: పోల్చడానికి == కన్నా ఈక్వల్స్ సేఫ్.

వాస్తవం: ఇది స్ట్రింగ్‌ల దగ్గర పడిన అలవాటు. ఈనమ్‌లో ఒక్కో కాన్‌స్టంట్‌కి ఒకటే ఆబ్జెక్ట్ ఉంటుంది కాబట్టి == చాలు. ఎడమవైపు నల్, కుడివైపు కాన్‌స్టంట్ ఉన్నా ఫాల్స్ వస్తుందే తప్ప ప్రోగ్రామ్ ఆగదు. పొరపాటున వేరే ఈనమ్‌తో పోలిస్తే అసలు కంపైలే కాదు.

అపోహ: వాల్యూఆఫ్‌కి (పేరిస్తే ఆ ఈనమ్ కాన్‌స్టంట్‌ని ఇచ్చే మెథడ్) తెలియని పేరిస్తే నల్ వస్తుంది.

వాస్తవం: ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ వస్తుంది. నల్ ఇస్తే నల్ పాయింటర్ ఎక్సెప్షన్. మొదటిదాన్ని మాత్రమే క్యాచ్ చేసిన కోడ్ రెండోదానికి పడిపోతుంది.

అపోహ: అన్‌నోన్ అని ఒక కాన్‌స్టంట్ చేరిస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: ఇది కొంచెం నిదానంగా ఆలోచించాల్సిన విషయం. అవతలి సిస్టమ్ స్టేటస్ పంపకపోవడం వేరు, మనకింకా తెలియని ‘రిటర్న్డ్’ అనే కొత్త స్టేటస్ పంపడం వేరు. రెండింటినీ అన్‌నోన్‌గా మార్చి డేటాబేస్‌లో దాచేస్తే, తిరిగొచ్చిన ఆర్డర్లు ఏవో తర్వాత ఎవరూ చెప్పలేరు. జేసన్ (సిస్టమ్‌లు డేటా పంపుకునే టెక్స్ట్ ఫార్మాట్) చదివే జావా లైబ్రరీ జాక్సన్‌లో, తెలియని పేర్లను నల్‌గా మార్చే సెట్టింగ్‌తోనూ ఇదే చిక్కు. జేసన్ చదివే చోటే ఈ రెంటినీ విడదీయండి. రానిదానికి ఏం చేయాలో అక్కడే తేల్చేయండి; తెలియని పేరొస్తే దాన్ని ఉన్నదున్నట్టు లాగ్‌లో రాసి, అప్పుడు అన్‌నోన్ పెట్టండి.